రాని రోగమునకు మందు

రోగము వచ్చిన పిమ్మట మందిచ్చుట వైద్యుని ధర్మమనుటలో వివాదము లేదు. వచ్చునేమోయను శంకచేత, ఆరోగ్యవతియగు స్త్రీచేత అయిదేండ్లు దినదినమును మాత్ర మ్రింగించుట ధర్మమగునా? రొమ్ము క్యాన్సరు వచ్చు అవకాశము హెచ్చుగా గల స్త్రీలకు టామోక్సిఫెన్ అను మందును ముందుగానే యీయవచ్చునని అమెరికాలో 1998లో అనుమతించిరి. నాటినుండి యిది వట్టి తర్కము కాదు.

ఆ యనుమతికి ఆధారమైన పరీక్షలో 13,000కు పైబడిన స్త్రీలు చేరిరి. అయిదాఱేండ్లలో, మందు లేనివారిలో వేయింటికి సుమారు 43 మందికిని, మందు వాడినవారిలో 22 మందికిని, లోనికి ప్రాకు క్యాన్సరు వచ్చెను. తప్పించుకొన్న యా యిరువదియొక్కరెవరో వారికే తెలియదు. తక్కినవారో, తమకు మేలు లేకుండనే, రక్తము గడ్డకట్టు భయమును, ఏబదేండ్లు దాటినచో గర్భాశయపు క్యాన్సరు భయమును మోసిరి. మరణములు తగ్గినవని ఆ పరీక్ష చూపలేదు.

దీనిని టీకాతో పోల్చువారు కలరు. మాకది సరిగా తోచదు. మశూచి టీకా పొరుగువానిని గూడ కాచినది. ఈ మాత్ర మ్రింగిన యామెకు మాత్రమే. కావున లోకహితము పేరిట దీనిని విధించు నధికార మెవ్వరికిని లేదు.

మన్యములోని పెదబయలు స్త్రీని తలచుకొందము. మాత్ర వెల స్వల్పమే. దానిచుట్టు నుండవలసిన కాపుదలయే దుర్లభము. ఆమె తల్లి, మేనత్త యే వ్యాధిచే పోయిరో వ్రాసియుంచినవారు లేనిచో అపాయమును గణించుటెట్లు? గిరిజనులలో హెచ్చుగా కనబడు సికిల్ సెల్ వ్యాధి, రక్తము గడ్డకట్టు స్వభావమును తానే పెంచును. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమపు రక్తపరీక్షయైనను ముందు జరుగవలదా? మందు వాడుచుండగా అకాలరక్తస్రావమైనచో వెంటనే పరీక్షింపవలెను. క్యాన్సరు వైద్యాలయమా, ఘాటు దిగి విశాఖపట్టణపు అగనంపూడి చేరినగాని లేదు.

అట్లని యామెకు చెప్పక దాచుట దయ కాదు. కొండవారికివి తెలియవనుట, చదువుకొన్నవారి యహంకారమేగాని వేఱు కాదు. ముందు రొమ్ములోని గడ్డను చేతితో పరీక్షించు నర్సు ఆమె గుమ్మమునకు రావలెను. ఆ పిమ్మట ఈ లెక్కలను, కువిలోగాని ఆదివాసీ ఒడియాలోగాని, ఆమెకు తెలిసిన మాటలలో చెప్పవలెను. అంతయు విని యామె వద్దన్నచో, చీటిమీద మూఢురాలని వ్రాయరాదు.