పసివాళ్లు, రహదారి, పాపభారం

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో జగ్గయ్యపేట, నందిగామల మీదుగా హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పోతుంది. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. ఈ రెండు పట్టణాలూ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. దారి పొడవునా చాలా ఊళ్లలో ఇళ్లు ఒక పక్కన, బడో పొలమో ఇంకో పక్కన ఉంటాయి. సిమెంటు లారీలు, రాత్రి బస్సులు, మిర్చి కోతకు కూలీలను తీసుకెళ్లే ఆటోలు అన్నీ ఆ దారినే పోవాలి. రోడ్డు దాటడం పిల్లలకు నేర్పాలంటే కాదనేవారు లేరు. అయితే నేర్పాక కూడా పిల్లవాడు పరుగెత్తి ప్రమాదంలో పడితే ఆ తప్పు ఎవరి ఖాతాలోకి పోతుందన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ‘చెప్పాం, వినలేదు’ అని పెద్దలు చేతులు దులుపుకోవచ్చా?

ఈ ప్రశ్నను మహాభారతం ఆదిపర్వంలోనే మాండవ్యుడి కథ ఎత్తింది. మౌనవ్రతంలో ఉన్న ఆ ముని ఆశ్రమంలో దొంగలు సొత్తు దాచారు. రాజభటులు ఆయన్నీ దొంగగా లెక్కగట్టి శూలానికి ఎక్కించారు. తాను చేయని నేరానికి ఇంత శిక్ష ఎందుకని ఆయన యముణ్ణి నిలదీశాడు. చిన్నప్పుడు తూనీగలను పుల్లలకు గుచ్చి ఆడుకున్నావు కదా, దాని ఫలమే ఇది అన్నాడు యముడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత దండన వేసిన ధర్మదేవతను మాండవ్యుడు మనిషిగా పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్ల వయసు దాకా చేసిన పని పాపం కాదని కూడా ఆ ముని కట్టడి చేశాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తూనీగలకు హాని జరగలేదని మాండవ్యుడు అనలేదు. హాని జరిగింది, కానీ ఆ లెక్క పసివాడి మీద రాయకూడదన్నాడు. నేటి చట్టం నడక కూడా దాదాపు ఇదే. భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసువారికైతే మంచిచెడ్డలు తెలిసేంత పరిణతి ఉందో లేదో చూడాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు పెట్టకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా వేస్తుంది. ఆ జరిమానా కట్టాల్సింది బండి నడిపేవాడే.

పసివాడి మీద లెక్క ఎందుకు రాయకూడదో కొలిచి చూస్తే తెలుస్తుంది. నాలుగు వరసల హైవేలో ఒక వైపు రెండు వరసలూ కలిపి ఏడు మీటర్ల వెడల్పు. చిన్నపిల్లలు సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచారనుకుంటే డివైడర్ చేరడానికి ఏడు సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ ఏడు సెకన్లలో 155 మీటర్లు వచ్చేస్తుంది. అంటే వంద మీటర్ల అవతల చిన్నగా కనిపించే లారీ అప్పటికే ప్రాణాంతకమైన దగ్గరలో ఉన్నట్టు. తొమ్మిది, పదేళ్లలోపు పిల్లలు బండి ఎంత దూరంలో ఉందో చూస్తారు గానీ, ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయలేరు. స్వీడన్‌లో స్టీనా శాండెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో రాసిన పుస్తకంలో తేల్చిందీ ఇదే. ఎంత బాగా నేర్పినా చిన్నపిల్లలను ట్రాఫిక్‌కు సరిపడేలా మార్చలేం, ట్రాఫిక్‌నే పిల్లలకు తగ్గట్టు మార్చాలన్నది ఆమె వాదన. కాబట్టి ఆ వయసులో పాఠం చెప్పినంత మాత్రాన పెద్దవాళ్లు చెయ్యి వదలడానికి లేదు.

అలాగని పాఠం దండగ కాదు. ఎలా నేర్పాలన్నదానికి ఈ ప్రాంతపు పాత మతంలోనే మంచి దారి ఉంది. జగ్గయ్యపేటలో ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉండేది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం అక్కడ దొరికింది. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన బోధ ఒకటి మజ్ఝిమ నికాయంలో ఉంది. అద్దం ఎందుకని అడిగి, చూసుకోవడానికని జవాబు రాగానే, ఏ పనినైనా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక అలాగే చూసుకోమన్నాడు. రోడ్డు అంచున ఆగడం, దాటుతూ చూస్తూనే ఉండడం సాధారణంగా అందరూ చెప్పేవే. మూడోదే మన ఇళ్లలో కరవు. పొరపాటు జరిగితే పెద్దల దగ్గరికి వచ్చి దాచకుండా చెప్పాలన్నాడు బుద్ధుడు. బస్సు కింద పడబోయి తప్పించుకున్న పిల్లవాడు ఇంట్లో ఆ మాట చెబితే వీపు విమానం మోత మోగుతుంది. ఇంకోసారి వాడు చెప్పడు. ఏ మలుపు దగ్గర, ఏ వేళలో ప్రాణం మీదికి వచ్చిందో అలా ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది. కొట్టకుండా వినడం కూడా రోడ్డు పాఠంలో భాగమే.

ఇక తలరాత మాట. 2020 జూన్‌లో వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని ట్రాక్టర్ మీద ఇళ్లకు తిరిగి వెళుతున్న ఖమ్మం జిల్లా భక్తులు జగ్గయ్యపేట దగ్గర లారీ ప్రమాదంలో పడ్డారు. పది మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఇలాంటి దుఃఖంలో ‘వాళ్ల ఆయుష్షు అంతే’ అనుకోవడం బతికున్నవాళ్లకు ఊరట. దాన్ని తప్పుపట్టడం క్రూరత్వం. కానీ ప్రమాదానికి ముందే అనుకుంటే అది ఊరట కాదు, ఏమరుపాటు. పురుషకారం తోడు లేకుండా దైవం ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని, దారిలో హాని చేసేదాన్ని తొలగించడం విశ్వాసంలో భాగమని హదీసులు చెబుతాయి. ఇల్లు కట్టినవాడు పైన పిట్టగోడ కట్టాలని, లేకపోతే పడి చచ్చినవాడి దోషం ఆ ఇంటి మీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం శాసిస్తుంది. కొత్త బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం, పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయస్వామి కనబడగానే దణ్ణం పెట్టుకోవడం భక్తే. ఆ దణ్ణం పెట్టిన చేతితోనే ముందు కూర్చున్న పిల్లకు హెల్మెట్ పెట్టకపోతే ఆ భక్తిలో లోటుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ ఉండాలన్నది చట్టం. అంతకన్నా చిన్నవాళ్లను నడిపేవారికి బెల్టుతో కట్టుకోవాలి, వాళ్లకూ హెల్మెట్ పెట్టాలి, బండి గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

మాండవ్యుడి గడువు దాటిన పద్నాలుగు, పదిహేనేళ్లవారి సంగతి వేరు. వాళ్లకు వేగం తెలుసు, తప్పు తెలుసు. యూటర్న్ దాకా వెళ్లడం బద్ధకమై నాన్న రాంగ్ రూట్‌లో బండి పోనిచ్చినప్పుడు వెనక కూర్చుని నేర్చుకున్నదీ తెలుసు. తాళం అడిగితే ఇచ్చేది ఇంట్లోవాళ్లే. మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ రాదు. ఈ వయసు వచ్చేసరికి చట్టం లెక్కను ఇద్దరికీ పంచుతుంది, పెద్ద వాటా మాత్రం తాళం ఇచ్చినవారి మీదే వేస్తుంది.