కేశచికిత్స, దేహాభిమానం: ఒక ధర్మవిచారణ

దేహం అనిత్యమని బోధించే సంప్రదాయంలో పుట్టిపెరిగినవారు, రాలిపోతున్న జుట్టును నిలుపుకోవడానికి మందు పూసుకోవడం గాని, శస్త్రచికిత్సతో జుట్టు నాటించుకోవడం గాని ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్న పైకి అల్పంగా కనిపించినా, దేహరక్షణ ఎక్కడ ముగిసి దేహాభిమానం ఎక్కడ మొదలవుతుందన్న ప్రాచీన ప్రశ్నే అందులో ఇమిడి ఉంది. దేహాభిమానమంటే శరీరమే తాననుకుని, దాని వృద్ధిని తన వృద్ధిగా, దాని క్షయాన్ని తన క్షయంగా భావించడం. శరీరాన్ని శుభ్రంగా, ఆరోగ్యంగా ఉంచుకోవాలన్న కోరికకు ఆ పేరు చెల్లదు. ఈ నిర్వచనాన్ని ఎదుట పెట్టుకుని చూస్తే, పైపూత మందుకూ కేశమార్పిడికీ మధ్య ఎంపిక ఖర్చు, నొప్పి, ఫలితం అనే లెక్కలతోనే తేలదని, ఆ రెండూ మనిషి కాలంతో పెట్టుకునే రెండు రకాల ఒప్పందాలని అర్థమవుతుంది.

తెలుగువారి ధార్మిక జీవితంలో వెంట్రుకది చిన్న స్థానం కాదు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడం మొదలుకొని తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించడం వరకు, జుట్టును ఇచ్చివేయడమే ఇక్కడ భక్తికి ఆనవాలు. సిద్ధార్థుడు ఇల్లు విడిచినప్పుడు తన కురులను తానే కోసుకున్నాడని బౌద్ధులు చెబుతారు. జైన సాధువులు కేశలుంచనం, అంటే వెంట్రుకలను చేత్తో పెరికివేయడం, వ్రతంగా పాటిస్తారు. సిక్కులు అదే వెంట్రుకను దైవదత్తమని కత్తిరించకుండా కాపాడుకుంటారు. ఒక మతంలో విసర్జన, మరొక మతంలో సంరక్షణ పవిత్రమైనప్పుడు, పవిత్రత వెంట్రుకలో గాని, దాని లేమిలో గాని లేదని, పట్టుకునే లేదా విడిచిపెట్టే మనసులోనే ఉందని ఒప్పుకోవలసి వస్తుంది.

ఈ విషయంలో తిరుమల స్థలకథ ఒకటి ప్రత్యేకంగా ఆలోచించదగినది. పశువుల కాపరి కొట్టిన దెబ్బకు శ్రీనివాసుని శిరస్సుపై కొంత మేర జుట్టు పోగా, గంధర్వ రాజకుమారి నీలాదేవి తన కురులలో కొన్ని కోసి అక్కడ అతికించిందని, ఆ త్యాగానికి మెచ్చిన స్వామి భక్తులు సమర్పించే కేశాలు ఆమెకే చెందాలని వరమిచ్చాడని, ఏడుకొండలలో ఒకటైన నీలాద్రికి ఆమె పేరే వచ్చిందని చెబుతారు. జుట్టు లేనిచోట జుట్టు నాటడం దోషమన్న భావన ఈ కథలో ఎక్కడా లేకపోగా, దైవమే దానిని స్వీకరించినట్టు చెప్పడం గమనార్హం. అయితే కథ కీర్తించినది స్వామి పొందిన అందాన్ని కాదు, నీలాదేవి ఇచ్చిన మనసును.

చికిత్సలను తూచే ముందు రోగస్వభావం తెలియాలి. మగవారిలో సాధారణంగా కనిపించే బట్టతలను వైద్యులు ఆండ్రోజెనిక్ అలోపీషియా అంటారు. టెస్టోస్టెరాన్ అనే హార్మోను ఒక ఎంజైము ప్రభావంతో డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారి, వంశపారంపర్యంగా దానికి లొంగే గుణమున్న కుదుళ్లను క్రమంగా కుదించివేస్తుంది. ఫలితంగా ఒక్కో చక్రంలో మొలిచే వెంట్రుక మునుపటి కంటే సన్నగా, పొట్టిగా వచ్చి, చివరికి కంటికి కనిపించని నూగుగా మిగులుతుంది. నుదుటి పైభాగం, నడినెత్తి కుదుళ్లు ఈ ప్రభావానికి లొంగుతాయి. తల వెనుక, చెవుల పక్కన ఉన్నవి చాలావరకు లొంగవు.

పైపూత మందులలో ముఖ్యమైన మినాక్సిడిల్ మొదట రక్తపోటు తగ్గించే మాత్రగా వచ్చింది. దానిని వాడిన రోగులకు ఒంటి మీద వెంట్రుకలు దట్టంగా పెరగడం గమనించిన తరువాత దానిని తలకు రాసే ద్రావణంగా మార్చారు. 2 శాతం ద్రావణానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లో అనుమతినిచ్చింది, 5 శాతం ద్రావణం ఆ తరువాత వచ్చింది. ఈ మందు వెంట్రుక పెరుగుదల దశను పొడిగిస్తుందే తప్ప, కుదురును కుదించే హార్మోనును అడ్డుకోదు, పూర్తిగా నశించిన కుదురును బతికించదు. తొలి వారాలలో జుట్టు మరింత రాలవచ్చు. ఫలితం కనిపించడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. మానివేస్తే కొన్ని నెలలలోనే వచ్చినదంతా పోతుంది. అందువల్ల ఈ చికిత్స స్వీకరించడమంటే రోజూ చేయవలసిన ఒక నియమాన్ని గడువు లేకుండా తలకెత్తుకోవడమే.

కేశమార్పిడికి మూలసూత్రం వేరు. జపాన్ వైద్యుడు ఒకుడా 1939లోనే వెంట్రుకలున్న చర్మపు ముక్కలను నాటే పద్ధతిని వివరించగా, అమెరికా వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో, వెనుక భాగం నుంచి తీసిన కుదురు ఎక్కడ నాటినా తన పుట్టినచోటి స్వభావాన్నే నిలుపుకుంటుందని ప్రకటించాడు. నేడు వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీ తీసి కుదుళ్లను విడదీయడం, లేదా కుదుళ్లను ఒక్కొక్కటిగా తోడి తీయడం అనే రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. నాటిన వెంట్రుకలు మొదటి వారాలలో రాలిపోయి, 3, 4 నెలలకు తిరిగి మొలిచి, పూర్తి ఫలితం తేలేసరికి ఏడాది పడుతుంది. ఇందులో కొత్త వెంట్రుక ఒక్కటీ పుట్టదు. ఉన్నది ఒకచోటి నుంచి మరొకచోటికి తరలుతుంది, తీసిన చోట అది మళ్లీ మొలవదు. అంతేగాక, నాటినవి నిలిచినా వాటి చుట్టూ ఉన్న పాత వెంట్రుకలు రాలడం ఆగదు గనుక, శస్త్రచికిత్స తరువాత కూడా మందులు కొనసాగించమని వైద్యులు చెబుతారు.

భగవద్గీతలోని యోగక్షేమం అన్న మాటకు శంకరాచార్యులు చెప్పిన అర్థం ఇక్కడ ఉపకరిస్తుంది: లేనిదానిని పొందడం యోగం, ఉన్నదానిని కాపాడుకోవడం క్షేమం. ఈ పరిభాషలో పైపూత మందు క్షేమం, కేశమార్పిడి యోగం. నిదానించి చూస్తే మందు కాలాన్ని అప్పుగా తెస్తుంది, దినదినం వడ్డీ కట్టించుకుంటుంది. శస్త్రచికిత్స స్థలాన్ని అప్పుగా తెస్తుంది, వెనుక నుంచి తీసి ముందు చూపిస్తుంది. రెండింటిలో ఏదీ క్షయధర్మాన్ని రద్దు చేయదు. కాబట్టి పూత పూసుకునేవాడు విరాగి అని, కోత కోయించుకునేవాడు దేహాసక్తుడని తీర్పు చెప్పడం తొందరపాటు; ప్రతి ఉదయం అద్దం ముందు వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ మందు రాసుకునేవాని ఆసక్తి, ఒక్కసారి శస్త్రచికిత్స చేయించుకుని ఆ సంగతి మరచిపోయినవాని ఆసక్తి కంటే గాఢమైనది కావచ్చు.

అసలు దోషం ఎక్కడుందో పతంజలి అవిద్యకు ఇచ్చిన నిర్వచనం చూపుతుంది. అనిత్యాన్ని నిత్యమని, అశుచిని శుచి అని, దుఃఖాన్ని సుఖమని, అనాత్మను ఆత్మ అని అనుకోవడమే అవిద్య. శాశ్వత పరిష్కారమన్న మాటతో కేశచికిత్సను అమ్మే ప్రకటన ఈ నాలుగింటిలో మొదటిదానినే సరుకుగా చేస్తుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఇంద్రుడు, విరోచనుడు నీటిపాత్రలో తమ ప్రతిబింబాన్ని రోమాల నుంచి గోళ్ల వరకు చూసుకుంటారు. అలంకరించుకుని మళ్లీ చూడమని ప్రజాపతి అనగా, ఆ అందమైన రూపమే ఆత్మ అనుకుని విరోచనుడు తృప్తిగా వెళ్లిపోతాడు, దేహం నశిస్తే ఇదీ నశిస్తుందే అన్న సందేహంతో ఇంద్రుడు దారిలోంచి వెనక్కు వస్తాడు. ఇద్దరూ అలంకరించుకున్నవారే, అలంకారం దగ్గర ఆగిపోవడమే విరోచనుని పొరపాటు.

దేహం అనిత్యం గనుక ఏ చికిత్సా వద్దని, బట్టతలను వైరాగ్యంతో స్వీకరించాలని చెప్పేవారి వాదంలో కొంత నిజముంది. కాని అది ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది ముఖ్యం. తెలుగునాట ఒకనాడు బ్రాహ్మణ కుటుంబాలలో భర్త పోయిన స్త్రీకి బలవంతంగా శిరోముండనం చేయించేవారు; 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం ఎదిరించిన వ్యవస్థలో అదీ ఒక భాగమే. కల్యాణకట్టలో కత్తి కింద తల వంచిన భక్తురాలికీ ఆ స్త్రీకీ తలపై మిగిలింది ఒక్కటే అయినా, మొదటిది సమర్పణ, రెండవది హింస. వైరాగ్యం ఎవరికి వారు అలవరచుకోవలసినదే. పెళ్లిచూపులలో జుట్టు చూసి మనిషిని తూచే సమాజం, ఆ తూకానికి భయపడి చికిత్సకు వెళ్లినవాడికి వేదాంతం చెప్పే అర్హతను ముందే కోల్పోయింది.

ఈ విచారణ ఫలితంగా ఒక క్రమం తేలుతుంది. కుదుళ్లు ఇంకా బతికి ఉన్నప్పుడు, చర్మవ్యాధి నిపుణుని సలహాతో మందుతో మొదలుపెట్టడం వివేకం. నచ్చకపోతే మానుకునే స్వేచ్ఛ అందులో ఉంది, దేహాన్ని కోయవలసిన పని లేదు. జుట్టు రాలడం ఒక స్థిమితానికి వచ్చి, వెనుక తగినన్ని కుదుళ్లు ఉండి, అర్హుడైన వైద్యుడు దొరికి, అప్పు చేయనవసరం లేనప్పుడు కేశమార్పిడి కూడా తప్పు కాదు. రాలడం ఎంతవరకు పోతుందో తేలని ఇరవై ఏళ్ల ప్రాయంలో దానికి తొందరపడడం మాత్రం అవివేకం.

ఆసక్తి హద్దు మీరిందో లేదో తెలుసుకోవడానికి తెలుగువారికి దూరాన వెదకనక్కరలేని పరీక్ష ఒకటుంది. గాయం పూర్తిగా మాని వేరూనిన తరువాత నాటిన కుదురు నుంచైనా, మందుతో నిలిచిన కుదురు నుంచైనా, గుండు చేయించుకుంటే వెంట్రుక మళ్లీ మొలుస్తుంది. ఎంతో ఖర్చుపెట్టి తెచ్చుకున్న ఆ జుట్టును మొక్కుబడి వేళ కల్యాణకట్టలో సంతోషంగా ఇవ్వగలిగినవాడు ఏ చికిత్స చేయించుకున్నా దేహాన్ని కాపాడుకున్నవాడే. ఇవ్వలేక వెనుదిరిగినవాడు అప్పటికే ఆ జుట్టు చేతిలో చిక్కినవాడు.