కేసు ఎత్తివేయు అధికారము

క్షమ గొప్ప గుణమని చెప్పని పెద్దలు లేరు. తనకు అపకారము చేసినవానిని క్షమించినవాడు లోకమున గౌరవము పొందును. కాని ఒకని ఇల్లు తగులబడగా, నిప్పు పెట్టినవానిని పొరుగువాడు “క్షమించితిని” అన్నచో దానిని క్షమ అని ఎవరును అనరు. క్షమించుటకు కూడ అర్హత కావలెను. ఆ అర్హత దెబ్బతిన్నవానిది. ఇంతవరకు ఎవరికిని సందేహము కలుగదు. కోర్టులో నడచుచున్న క్రిమినలు కేసును ప్రభుత్వము నడుమ ఎత్తివేయించినప్పుడే చిక్కు వచ్చుచున్నది. అప్పుడది ఎవరి తరఫున, ఏ అర్హతతో ఆ పని చేయుచున్నది?

ఈ అధికారము నేటిది కాదు. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో 494వ సెక్షను, 1973 కోడులో 321వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 360వ సెక్షను దీనిని గూర్చినవే. తీర్పు చెప్పుటకు ముందు ఎప్పుడైనను, కోర్టు అనుమతి పొంది, పబ్లిక్ ప్రాసిక్యూటరు కేసు నడపుటను విరమించుకొనవచ్చును. చార్జి ఏర్పడక పూర్వము విరమించినచో ముద్దాయి కేసునుండి విడుదలయగును. ఏర్పడిన తరువాత విరమించినచో అతడు నిర్దోషియే.

శాసనము చదివినవారికి నిర్ణయము ప్రాసిక్యూటరుదే అనిపించును. ఆయన కేసు కాగితములు చూచి, తన బుద్ధితో ఆలోచించి, విరమించుట ప్రజాహితమని తోచినచో కోర్టును అడుగవలెను. ఆచరణ వేరు. సచివాలయములో హోంశాఖవారి జి.ఓ. వెలువడును, దాని నకలు జిల్లాకు చేరును, ప్రాసిక్యూటరు అర్జీ వేయును. ఆయనను నియమించినది ప్రభుత్వము, మరల నియమింపవలసినదియు ప్రభుత్వమే. ఇట్టి స్థితిలో స్వబుద్ధితో “కాదు” అనగల ప్రాసిక్యూటర్లు ఉండవచ్చును గాని, వ్యవస్థ వారిమీద ఆధారపడి నిలువజాలదు.

1957లో బీహారు నుండి వచ్చిన రామనరేశ్ పాండే కేసులో సుప్రీముకోర్టు దీనికొక హద్దు గీచెను. తీర్పు వ్రాసినవారు జస్టిస్ జగన్నాథదాసు. ఒరిస్సా హైకోర్టుకు అంతకుముందు ప్రధాన న్యాయమూర్తిగా నుండినవారు. విరమణ ప్రాసిక్యూటరు చేయు పాలనాసంబంధమైన పని. కోర్టు చేయవలసినది సాక్ష్యమంతయు తూచుట కాదు; ఆ పని అక్రమోద్దేశముతో, న్యాయమార్గమునకు అడ్డుపడుటకై జరుగుట లేదని తృప్తిపడుట. ఆనాటి నుండి నేటివరకు కోర్టులు ఈ మాటచుట్టునే తిరుగుచున్నవి.

ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. దొంగతనమైనను, హత్యయైనను బాధితునికి జరిగిన అన్యాయము మాత్రమే కాదు, సంఘమునకు జరిగిన ద్రోహమని ఆధునిక న్యాయశాస్త్రము ఎంచును. అందుచేతనే కేసు ప్రభుత్వము పేర నడచును, ఖర్చు ప్రభుత్వమే పెట్టుకొనును, బాధితుడు చాలవరకు సాక్షిగా మిగులును. నడపు బాధ్యత కలవానికి ఆపు అధికారము కూడ ఉండవలెననుట న్యాయమైన తర్కమే. పైగా, కేసు నడచుటవలననే కీడు పెరుగు సందర్భములు కలవు. రెండు పార్టీలుగా చీలి తలలు పగులగొట్టుకొన్న ఊరు పదేండ్లకు రాజీపడి, ఒకే పందిట పెండ్లిభోజనములు చేయుచున్నప్పుడు, పాత కేసు వాయిదాతో పాత పగయు మేలుకొనును. తెలంగాణ ఉద్యమకాలమున విద్యార్థులపై పెట్టిన కేసులు రాష్ట్రము ఏర్పడిన తరువాత ఎత్తివేయబడినప్పుడు తప్పుపట్టినవారు అరుదు. రాష్ట్రమే ఏర్పడినది, దానిని కోరి రోడ్డుమీద కూర్చున్న పిల్లవాడు ఉద్యోగపు దరఖాస్తులో “ముద్దాయి” అని వ్రాసికొనవలసినదేనా?

ఎమర్జెన్సీ నాటి బరోడా డైనమైటు కేసు ఇట్టిదే, ఇంకను క్లిష్టమైనది. జార్జి ఫెర్నాండెజును ఇతరులను అందులో ముద్దాయిలుగా చేర్చిరి. 1977లో ప్రభుత్వము మారెను, కేసు ఎత్తివేయబడెను. అది సరియేనా అను ప్రశ్నకు 1980లో సుప్రీముకోర్టు తరఫున సమాధానము వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి. సాక్ష్యము చాలకపోవుట ఒక్కటే కారణము కానక్కరలేదు, శాంతిభద్రతలును విశాలమైన ప్రజాన్యాయమును కూడ కారణములు కావచ్చును, రాజకీయ ప్రయోజనము సైతము పనికిరానిది కాదు అని ఆయన అంగీకరించిరి. అయితే అది న్యూయార్కులో ఒకనాడు అపకీర్తికెక్కిన టామనీ హాలు బాపతు రాజకీయము కాగూడదని చురక వేసిరి. ప్రభుత్వము ప్రాసిక్యూటరుకు సూచింపవచ్చును గాని నిర్బంధింపరాదనియు చెప్పిరి. సూచనకును నిర్బంధమునకును నడుమ ఎంత దూరమున్నదో జీతముపై బ్రతుకువారికి తెలియును.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. రాజ్యాంగము 72వ అధికరణము క్రింద రాష్ట్రపతికిని, 161వ అధికరణము క్రింద గవర్నరుకును క్షమాభిక్ష పెట్టు అధికారము కలదు. అది తీర్పు తరువాత వచ్చును. ఏమి జరిగినదో, ఎవరు చేసిరో తేలిన పిమ్మట, శిక్ష విషయమున దయ చూపుట అది. కేసు ఎత్తివేయుట అట్లు కాదు. శిక్షతోపాటు సత్యమును కూడ అది ఎత్తివేయును. సాక్షులు చెప్పవలసినది చెప్పకయే ఇండ్లకు పోవుదురు. దోషి తప్పించుకొనుట ఒక నష్టము. ముద్దాయి నిజముగా నిర్దోషియైనచో అతనికి కలుగు నష్టము కూడ తక్కువది కాదు: కాగితముమీద విడుదల దొరకినను, “పైవాళ్లు చెప్పి ఎత్తివేయించినారు” అను మాట అతనిని జన్మాంతము వెంటాడును. దెబ్బతిన్నవాడు ఎవరిని క్షమింపవలెనో కూడ తెలియక మిగిలిపోవును. క్షమ సత్యమును కప్పిపెట్టదు, దానిని ఎదుట పెట్టుకొనియే పుట్టును. ఈ దృష్టితో చూచినచో ఎత్తివేతను ప్రభుత్వపు క్షమగా పొగడుట పొరపాటు. అది ఒక్కొక్కప్పుడు అవసరమైన లౌక్యము, అంతే.

లౌక్యము స్వార్థముగా మారుటకు బీహారు మరియొక ఉదాహరణ ఇచ్చెను. పాట్నా అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు వ్యవహారములో జగన్నాథ మిశ్రాపై 1979లో అభియోగపత్రము దాఖలయ్యెను. 1980లో ఆయనయే మరల ముఖ్యమంత్రి అయ్యెను. ఆయన ప్రభుత్వమే కేసును ఎత్తివేయ నిశ్చయించెను. కక్షతో పెట్టిన కేసనియు, సాక్ష్యము లేదనియు కారణములు. సుప్రీముకోర్టు 1982లో ఇద్దరొకవైపు ఒక్కరొకవైపుగాను, 1986 డిసెంబరులో ముగ్గురొకవైపు ఇద్దరొకవైపుగాను ఆ ఎత్తివేతను అంగీకరించెను. శాసనరీత్యా విషయము ముగిసినది. కాని ఐదుగురు న్యాయమూర్తులలో ఇద్దరికి నచ్చని సంగతి సామాన్యునికి మాత్రము ఎట్లు నచ్చును? ముద్దాయి నిర్దోషియే కావచ్చును. తన తూకము తానే వేసికొన్న వర్తకుని సరకు సరిగానే తూగినను కొన్నవాని మనసు కుదుటపడదు.

ఇవన్నియు ఒక ఎత్తు, రాజకుమార్ అపహరణము ఒక ఎత్తు. బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఆ రోజులను మరచియుండరు. 2000 జూలై 30 రాత్రి కన్నడ నటుడు రాజకుమారును గాజనూరులోని ఆయన ఇంటినుండి వీరప్పన్ అడవిలోనికి తీసికొనిపోయెను. వాని కోర్కెలలో ఒకటి, మైసూరు కోర్టులో టాడా క్రింద విచారణ నెదుర్కొనుచున్న ఖైదీల విడుదల. 1991లో కావేరీ తగవుపై బెంగుళూరులో తమిళులపై జరిగిన దౌర్జన్యములు అందరి జ్ఞాపకమునను ఉండెను. నటునికి హాని జరిగినచో ఏమగునో అని రెండు రాష్ట్రములును వణికెను. కర్ణాటక ప్రభుత్వము పక్షమున టాడా అభియోగములను విరమించుటకు అర్జీ పడెను, మైసూరులోని ప్రత్యేక న్యాయమూర్తి అనుమతించెను.

అప్పుడొక తండ్రి అడ్డుపడెను. ఆయన కుమారుడు సబు ఇన్స్పెక్టరు. 1992లో వీరప్పన్ ముఠా చేతిలో హతుడైనవాడు. ఆ వృద్ధుడు సుప్రీముకోర్టుకు పోయి అడిగినది నష్టపరిహారము కాదు, కేసు నడపుమని. ఆయన ఎదుట నున్న ధర్మసంకటము చిన్నది కాదు. అడవిలో బ్రతికియున్న ఒక వృద్ధ నటుడు, వీధులలో ఏమియు ఎరుగని వేలాది తమిళ కుటుంబములు ఒకవైపు; మరలి రాని కుమారుడు ఒకవైపు. బ్రతికియున్నవారిని కాపాడుటకై చచ్చినవాని న్యాయమును వదలుకొమ్మని ఆయనను ఎవరైనను బ్రతిమాలి యుండవచ్చును, ఆయన ఒప్పుకొనియు ఉండవచ్చును. ఆయనను అడుగకయే వదలుకొనుటకు మాత్రము ఎవరికి హక్కు కలదు?

2000 నవంబరు 7న సుప్రీముకోర్టు మైసూరు ఉత్తరువును కొట్టివేసెను. ప్రాసిక్యూటరు తనంత తాను ఆలోచించిన జాడ లేదు, న్యాయమూర్తి కారణములను పరిశీలించిన జాడ లేదు అని తేల్చెను. ఎనిమిది రోజుల తరువాత, నవంబరు 15న, రాజకుమార్ క్షేమముగా తిరిగివచ్చెను. 108 రోజుల చెర ముగిసెను. దీనినిబట్టి కోర్టు చేసినదే సరియని వాదించుట తేలిక. ఆయన తిరిగి రాకున్నచో అదే తీర్పును జనులు ఏమని యుందురు? ఫలితమును చూచి ధర్మమును నిర్ణయించుట ఇరువైపుల వారికిని మంచిది కాదు. కోర్టు చూచినది ఫలితమును కాదు. బెదిరింపునకు లొంగి తీసికొన్న నిర్ణయము నిర్ణయమే కాదన్న సంగతిని.

తరువాతి కాలమున హద్దులు కొంత బిగిసినవి. 2015 మార్చి 13న కేరళ శాసనసభలో బల్లలు విరుగగొట్టిన సభ్యులపై కేసును ప్రభుత్వము ఎత్తివేయబోగా, 2021 జూలైలో సుప్రీముకోర్టు ఒప్పుకొనలేదు. మరుసటి నెలలో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ అధ్యక్షతనున్న ధర్మాసనము, పార్లమెంటు సభ్యులపైనను శాసనసభ్యులపైనను, మాజీలపైనను ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేక ఎత్తివేయరాదని ఆదేశించెను. ఇక కొత్త సంహితలోని 360వ సెక్షనుకు చేర్చిన ఒక నిబంధన వీటన్నిటికంటె లోతైనది: బాధితునికి తన మాట చెప్పుకొను అవకాశమీయక ఏ కోర్టును విరమణకు అనుమతింపరాదు.

వినవలెనని ఉన్నది గాని ఒప్పించవలెనని లేదు. అయినను 2000లో ఈ నిబంధన ఉండినచో ఆ తండ్రి ఢిల్లీ దాక పోనక్కరలేదు. మైసూరులోనే, ఆ న్యాయమూర్తి ఎదుటనే నిలువబడి తన మాట చెప్పుకొనియుండును. ప్రాసిక్యూటరు కూడ ఆయన ముఖము చూచుచు అర్జీ చదువవలసి వచ్చియుండును.

ఆ కథలో మాట దక్కనివారు ఇంకను కలరు. మైసూరు ఖైదీలలో అడవి అంచు పల్లెలవారు అనేకులు. ఏండ్ల తరబడి విచారణ తేలక లోపలనే ఉండిరి. వీరప్పన్ వేటలో రెండు రాష్ట్రముల పోలీసు దళములు గ్రామస్థులపై చేసిన అత్యాచారములను గూర్చిన ఫిర్యాదులను విచారించుటకు జాతీయ మానవ హక్కుల సంఘము సదాశివ ప్యానెలును నియమింపవలసి వచ్చెను. టాడా చట్టమే 1995లో కాలము తీరిపోయెను. వారిలో కొందరిపైననైనను ఆ అభియోగము తగునా అని పరిశీలించి, ప్రజాన్యాయము పేర విరమించుటకు అదే సెక్షను పుస్తకములో ఉండనే ఉన్నది. ఆ పుస్తకము వారికొరకు తెరువబడినది ఒక నటుడు అపహరింపబడిన తరువాత, ఒక బందిపోటు అడిగిన తరువాత.