నొప్పిని నమ్మడం

బోరబండ నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట వరకు ఏ ఆస్పత్రి వరండాలో కాసేపు కూర్చున్నా, పొత్తికడుపు నొప్పితో వచ్చిన ఆడవాళ్ల నోట రెండు మాటలు వినపడతాయి. ఒకటి 'ఏమీ లేదన్నారు'. రెండోది 'తీసేయాలన్నారు'. ఇవి ఒకదానికొకటి ఎదురు మాటల్లా కనిపిస్తాయి. మొదటిది నొప్పిని నమ్మదు. రెండోది ఎంతగా నమ్ముతుందంటే ఏకంగా గర్భసంచినే తీసేస్తానంటుంది. కానీ ఈ రెండు మాటలూ ఒకే చోట నుంచి పుడుతున్నాయని కొన్నాళ్లుగా నాకు గట్టిగా అనిపిస్తోంది. రెండు సందర్భాల్లోనూ ఆమె చెప్పడం పూర్తి కాలేదు. ఇంకొకరి నొప్పిని నమ్మడం అంటే అసలు ఏం చేయడం? ఈ ప్రశ్న వైద్యులది మాత్రమే కాదు. పక్క మనిషి బాధ పట్ల మన బాధ్యత ఏమిటన్న నైతిక ప్రశ్న కూడా.

ముందు శరీరం సంగతి చూద్దాం. పొత్తికడుపు అడుగున, ముందున్న ఎముక నుంచి వెనక వెన్నుపూస చివరి దాకా, జోలెలాగా పరుచుకున్న కండరాలున్నాయి. మూత్రకోశాన్నీ, గర్భసంచినీ, మలాశయాన్నీ మోసేది ఆ జోలే. డాక్టర్లు దాన్ని పెల్విక్ ఫ్లోర్ అంటారు. రోజువారీ తెలుగులో దానికి పేరు లేదు. కాన్పుల వల్ల, బరువుల వల్ల, వయసు వల్ల ఆ జోలె వదులైతే గర్భసంచి కిందికి జారుతుంది, తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలు పడతాయి. వదులవడమే కాదు, అది బిగుసుకుపోవడం కూడా ఉంది. భయంతో, పాత గాయంతో, గంటల తరబడి మూత్రం ఆపుకోవడంతో, ఎండోమెట్రియోసిస్ లాంటి జబ్బుతో ఆ కండరాలు వదలడం మరిచిపోతాయి. అప్పుడు కూర్చుంటే నొప్పి, సంభోగంలో నొప్పి, మూత్రానికి వెళ్లొచ్చినా తీరనితనం. నెలల తరబడి ఇలా సాగితే నరాలే నొప్పికి అలవాటుపడతాయి. మొదటి కారణం తగ్గిపోయినా నొప్పి మిగిలిపోతుంది. కండరాల బిగుతు గానీ, నరాల అలవాటు గానీ మామూలు స్కానింగ్‌లో కనపడవు. ఎండోమెట్రియోసిస్ కూడా చాలాసార్లు కనపడదు.

పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. మన అమ్మమ్మలకి ఈ కండరాల పేరు తెలియకపోయినా వాటి కష్టం తెలుసు. 'కింద బరువుగా ఉంది', 'ఏదో జారుతున్నట్టుంది' అని చాటుగా చెప్పుకునేవాళ్లు. మగవాళ్ల ముందూ డాక్టరు ముందూ మాత్రం అదంతా 'నడుం నొప్పి' అయిపోయేది. ఇప్పటికీ అంతే. చెప్పుకోవడానికి మర్యాదైన మాట అదొక్కటే. మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో తెచ్చిన పుస్తకంలో జ్ఞానానికి సంబంధించిన అన్యాయం రెండు రకాలుగా జరుగుతుందని వాదించింది. చెప్పే మనిషి ఎవరో చూసి ఆ మాటకు విలువ తగ్గించడం ఒకటి. తన అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన మాటలే సమాజంలో లేకుండా పోవడం రెండోది. 'నడుం నొప్పి' అనే మాటలో ఈ రెండూ కలిసే ఉన్నాయి.

మా బోరబండ సైట్-3లో మా ఇంటి పక్కన ఉండే ఒకామె మధురానగర్‌లో మూడిళ్లలో పని చేసేది. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెల్లారకముందే నీళ్లు పట్టి, బిందెలు పై అంతస్తుకి మోసి, ఆరింటికల్లా బయలుదేరితే మళ్లీ ఇంటికొచ్చేదాకా ఒంటికి పోవడానికి చోటుండేది కాదు. ఆ మూడిళ్లలోనూ బాత్‌రూంలు కడిగేది తనే. వాడుకోవడానికి మాత్రం అనుమతి లేదు. ఆపుకోవడం అలవాటు చేసుకుంది, నీళ్లు తాగడం మానుకుంది. పొత్తికడుపులో నొప్పి రెండేళ్లు భరించి, చివరికి ఒక ఆస్పత్రికి వెళ్లి వచ్చిన రోజు నాతో అన్న మాట ఇది: "ఏం లేదు పొమ్మన్నరక్కా. స్కానింగ్‌ల ఏం రాలేదంట. ఏం లేకుంటె నేనెందుకు పోత, నా కూలి పోగొట్టుకొని?"

ఆమెది ఫిర్యాదు మాత్రమే కాదు, పక్కా వాదన. పోగొట్టుకున్న కూలిని ఆమె సాక్ష్యంగా పెడుతోంది. కానీ ఆ సాక్ష్యాన్ని రాసుకునే గడి ఓపీ చీటీ మీద లేదు. నొప్పి ఉన్నవాళ్లకి దానికంటే నిశ్చయమైనది మరొకటి ఉండదు, వినేవాళ్లకి దానికంటే సందేహించదగ్గది మరొకటి ఉండదు అని ఎలేన్ స్కారీ 1985లోనే రాసింది. ఈ ఎడం మనుషులందరి మధ్యా ఉంటుంది. అయితే సందేహం మాత్రం అందరి మీదా ఒకేలా పడదు. ఆడమనిషి మీద ఎక్కువ, పేద మనిషి మీద ఇంకా ఎక్కువ, దళిత, ఆదివాసీ స్త్రీ మీద అన్నిటికంటే ఎక్కువ. పైగా మనకి 'భూదేవంత ఓర్పు' అనే మెచ్చుకోలు ఉండనే ఉంది. ఓర్చుకున్నన్నాళ్లూ నొప్పి లేదంటారు. ఓర్చుకోలేక చెప్తే ఓర్పు లేదంటారు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, మనిషి తనకు నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలన్న సంగతిని వివరణలో చేర్చింది. నిర్వచనం పక్కన ఈ మాట విడిగా రాయాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా జరిగిందేమిటో ఊహించుకోవచ్చు.

అడిగితే ఏం బయటపడుతుందో కూడా మనకి కొత్త కాదు. మన పొరుగునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్, అభయ్ బంగ్, వారి బృందం రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో 'లాన్సెట్'లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నది నూటికి 8 మందే. మన హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన నుంచి 1990ల మొదట్లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం కూడా ఆడవాళ్ల శరీరం గురించి ఆడవాళ్లే తెలుగులో మాట్లాడుకోవాలన్న పట్టుదల నుంచి పుట్టిందే.

ఇప్పుడు రెండో మాటకి వస్తాను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశం మొత్తంలో అన్ని రాష్ట్రాలకంటే పైన ఉన్నది ఈ రెండే. 2019–21 సర్వేలోనూ మన స్థానం మారలేదు. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. హైదరాబాదు డాక్టర్లు కామేశ్వరి, వింజమూరి సూర్యప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేకుండా చిన్న వయసులోనే జరుగుతున్న ఈ ఆపరేషన్ల గురించి ఏళ్ల తరబడి మాట్లాడారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, వీటిని అరికట్టడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని ఆదేశించింది.

క్యాన్సర్ ఉన్నప్పుడు, వేరే వైద్యానికి లొంగని గడ్డలూ రక్తస్రావం ఉన్నప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. ముట్లుడిగాక రక్తం కనబడితే ఎవరూ ఆలస్యం చేయకూడదు. నేను మాట్లాడుతున్నది వాటి గురించి కాదు. కండరాల్లోనో నరాల్లోనో ఉన్న నొప్పికి గర్భసంచిని దోషిని చేయడం గురించి. ఫ్రికర్ చెప్పిన రెండు అన్యాయాల పక్కన మన దగ్గర మూడోది కూడా ఉందనిపిస్తుంది. నమ్మినట్టే నమ్మి, మాట పూర్తి కాకముందే అర్థం నిర్ణయించేయడం. 'పొత్తికడుపు నొప్పి' అనగానే 'గర్భసంచి' అని రాసేసుకోవడం. 'ఏమీ లేదు' అన్న డాక్టరు కాగితాన్ని చూశాడు. 'తీసేద్దాం' అన్న డాక్టరు అవయవాన్ని చూశాడు. ఎప్పటి నుంచి, ఏం చేస్తున్నప్పుడు, ఎక్కడ కూర్చుంటే అని ఇద్దరూ అడగలేదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మా పక్కింటామెను ఎవరూ బలవంతపెట్టలేదు. రెండో ఆస్పత్రిలో ఆపరేషన్ మాట రాగానే తనే ఒప్పుకుంది. "ఇద్దరు పిల్లలైన్రు, పిల్లల ఆపరేషన్ గూడ అయింది. ఇంక అదెందుకక్కా నాకు? తీసేస్తె పోతది గద" అంది. 'నా శరీరం నా ఇష్టం' అని ఇన్నేళ్లు మాట్లాడిన మనం ఆమెకి ఏం చెప్పాలి? 'నీకు తెలియదు' అంటే, డాక్టరు చేసిన పనే మనమూ చేసినట్టు. 'నీ ఇష్టం' అని ఊరుకుంటే, ఆ ఇష్టం ఎట్లాంటి పరిస్థితుల్లోంచి వచ్చిందో చూడనట్టు.

ఆపరేషన్ తర్వాత ఆమెకి నెలనెలా ఎక్కువగా పోయే రక్తం ఆగింది. నొప్పి ఆగలేదు. అయినా ఆమె బాధపడలేదు. "పనికి నాగా లేదు, గది చాలు" అంది. ఈ మాటను దాటవేస్తే నా వ్యాసం నిజాయితీగా ఉండదు. ఆమె లెక్క తప్పు కాదు. బహిష్టు రోజుల్లో కూడా విశ్రాంతి లేని పని, సెలవు పెడితే తెగే జీతం, వాడుకోవడానికి లేని బాత్‌రూం. ఇవేవీ మారవని తెలిసిన మనిషి, తన చేతిలో మార్చుకోవడానికి వీలున్న ఒకే ఒక్కదాన్ని మార్చుకుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ముందే గుల్లబారతాయనీ, వాటిని ఉంచినా ముట్లుడిగే వయసు ముందుకు జరగొచ్చనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. జారిన గర్భసంచిని నిలబెట్టే పెస్సరీ అనే చవకైన రింగు ఉందని గానీ, బిగుసుకున్న కండరాలకి ఫిజియోథెరపీ ఉందని గానీ మా వీధిలో ఎవరూ వినలేదు. ఒకే దారి చూపించి తీసుకున్న అంగీకారాన్ని పూర్తి అంగీకారం అనలేం. అలాగని ఆమె ఎంపికను అడ్డుకునే హక్కూ మనకి లేదు. మన పని ఆమె నిర్ణయాన్ని దిద్దడం కాదు, ఆమె ముందున్న దారుల సంఖ్యను పెంచడం.

ఆ ఇంకో దారి ఎలా ఉంటుందో నాకు స్వయంగా తెలుసు కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాను. నాకూ నాలుగేళ్లు ఇదే నొప్పి. పంజాగుట్ట వైపు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి మూడు నెలలు, వారానికోసారి వెళ్లాను. మొదటి రోజు ఆమె పరీక్ష చేయలేదు, గంటసేపు వింది. తర్వాత కూడా ముట్టుకునే ముందు ప్రతిసారీ అడిగింది, వద్దంటే ఆగుతానంది. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో ప్రచారంలోకి తెచ్చిన బిగించే వ్యాయామాలే అందరికీ మందు అనుకుంటారు. బిగుసుకుపోయిన కండరానికి అవి నొప్పిని పెంచవచ్చని, ముందు నేర్చుకోవాల్సింది వదలడమని ఆమె చెప్పింది. ఊపిరితో పాటు కడుపును వదలడం, పరుగెత్తకుండా మూత్రానికి వెళ్లడం, నొప్పి అంటే ప్రతిసారీ ప్రమాదం కాదని ఒంటికి నచ్చజెప్పడం. నా నొప్పి పూర్తిగా పోలేదు. కానీ దాంతో ఒక గంట కూర్చుని పాఠం చెప్పగలుగుతున్నాను.

నాకూ మా పక్కింటామెకూ తేడా నొప్పిలో లేదు. నాకు పన్నెండు వారాల తీరిక ఉంది, ఫీజు ఉంది, తలుపేసుకోవడానికి ఒక గది ఉంది. నమ్మడం అంటే సమయం ఇవ్వడం అని నేను నేర్చుకున్నది అక్కడే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకి పెద్ద ఆస్పత్రి తలుపు తెరుచుకుంది. అది మంచి మార్పే. కానీ ఇలాంటి పథకాలు లెక్కగట్టేది ప్యాకేజీల్లో. కత్తికి ధర కట్టడం సులువు. గంటసేపు వినడానికి ఎవరు ధర కడతారు?

ఈ నెమ్మది వైద్యం కూడా ఇంకో భారం కాగలదన్న సంగతి మరిచిపోకూడదు. 'రోజూ ఇంట్లో వ్యాయామం చెయ్యి, బరువులు ఎత్తకు' అని చీటీ రాసిచ్చి, బిందెలు మోసిందని మళ్లీ ఆమెనే తిట్టడం ఎంతసేపు? గర్భసంచి జారడాన్ని నేపాల్ సుప్రీంకోర్టు 2008లో స్త్రీల పునరుత్పత్తి హక్కుల ప్రశ్నగా గుర్తించి, ప్రభుత్వ బాధ్యతను ఎత్తిచూపింది. దుకాణాల్లో పనిచేసే స్త్రీలకి కూర్చునే హక్కు కోసం కోజికోడ్‌లో మొదలైన పోరాటం ఫలితంగా 2018లో కేరళ, తర్వాత 2021లో తమిళనాడు చట్టాలు సవరించాయి. అమీర్‌పేట, పంజాగుట్ట బట్టల షోరూముల్లో చీరలు పరిచే అమ్మాయిల కాళ్లూ, మధురానగర్ ఇళ్లలో తాళం పడిన బాత్‌రూములూ ఈ వైద్యంలో భాగమే. కూర్చోవడానికి కుర్చీ, వెళ్లడానికి బాత్‌రూం, ఇంటి దాకా వచ్చే నీళ్లు. ఇవి లేకుండా ఏ ఫిజియోథెరపీ అయినా కొందరికే.

రచయితలం, అధ్యాపకులం మనం చేయగలిగింది చిన్నదే అయినా ఉంది. పురిటినొప్పుల గురించి మన సాహిత్యం చాలా రాసింది, ఎందుకంటే దాని చివర బిడ్డ ఉంటుంది. చివర ఏమీ పుట్టని నొప్పి గురించి, కూర్చోలేకపోవడం గురించి, తడిసిన లంగా గురించి, పడగ్గదిలో పళ్లబిగువున భరించిన రాత్రుల గురించి రాసింది తక్కువ. ఈ నొప్పులకి పేర్లు మనం పెట్టనక్కర్లేదు. వాళ్లు ఇప్పటికే వాడుతున్న 'బరువు', 'గుంజుడు', 'జారుడు', 'మంట' అన్న మాటలు వేరువేరు జబ్బుల వైపు చూపే గుర్తులు. వాటిని నడుం నొప్పిగా కుదించకుండా, తేడాలతో సహా రాసిపెట్టాలి. అవి మన పుస్తకాల్లోకి వస్తే రేపు ఎంబీబీఎస్ చదివే అమ్మాయి చెవికి కూడా చేరతాయి. ఆమె రాసుకునే కేసు షీటులో, వయసు, కాన్పులు, చివరి బహిష్టు తేదీ పక్కన, 'పనిచేసే చోట ఒంటికి పోవడానికి వీలుందా?' అన్న ఒక ప్రశ్న కొత్తగా చేరాలని నా కోరిక.