తేనెపెట్టె ద్వారమునొద్ద

వాక్యభాగములు: 2 సమూయేలు 12:1–4, యోహాను 10:1, రోమా 15:20



పత్రికలో స్థలము తక్కువ గనుక పై వాక్యభాగములను ఇక్కడ వ్రాయుట లేదు. దయచేసి బైబిలు తెరచి చదువుకొని, తరువాత ఈ మాటలు చదువవలెనని మనవి.

తేనెటీగ అనగానే ప్రసంగీకులమైన మేము దాని కష్టపడు గుణమును గూర్చియే చెప్పుచుందుము. సండేస్కూలు పిల్లలకును అదే పాఠము. అది నిజమే. అయితే ఆ కష్టజీవి దొంగతనము కూడ చేయునని, హోసూరు దగ్గర మా ఇంటి వెనుక రెండు పెట్టెలు పెట్టుకొనిన తరువాతనే మేము తెలిసికొంటిమి.

మావి పుట్ట తేనెటీగలు. అనగా పుట్టలలోను చెట్టు తొఱ్ఱలలోను కాపురముండు మన దేశపు ఈగలు. ఒక పెట్టె బలముగా నుండెను. రెండవ దానిలో రాణి చనిపోయి, క్రొత్త రాణి ఇంకను గ్రుడ్లు పెట్టుట మొదలుపెట్టలేదు. వానలు పట్టుకొన్న రోజులు. బయట పూత లేదు. ఒక మధ్యాహ్నము కాస్త ఎండ కాసినదని, బలహీనపు పెట్టె ఎట్లున్నదో చూతమని మూత తీసి, చూచుచు చాలసేపు నిలిచిపోతిమి. విరిగిన తేనెపట్టు ముక్క నొకదానిని గోడమీద పెట్టి మరచిపోతిమి. ఈగలకు మేతగా పంచదార పాకము పోయుచు కొంత నేలమీద ఒలకబోసితిమి. ఇటువంటి తప్పు ఒక్కటి చాలును. మేము ఒకే పూటలో మూడు చేసితిమి.

అరగంటకెల్ల పెట్టె చుట్టు హోరు లేచెను. మొదట సంతోషించితిమి కూడ! ఈగలు బాగుగా పనిచేయుచున్నవని అనుకొంటిమి. దగ్గరకు పోయి చూడగా ద్వారమునొద్ద ఈగలు ఒకదానినొకటి కరచుకొని నేలమీద దొర్లుచున్నవి. ఇంకను కొన్ని నేరుగా ద్వారములోనికి పోవు ధైర్యము లేక, అటు ఇటు ఊగుచు, మూత సందునను పలకల చీలికలయందును దూరుటకు దారి వెదకుచున్నవి. సొంత ఇంటి ఈగ చీలికలు వెదకదు. యోహాను సువార్త పదియవ అధ్యాయము మొదటి వచనముమీద ఎన్నోసార్లు ప్రసంగించితిమి గాని, ఆ దృశ్యమును కన్నులార చూచుట అదే మొదటిసారి.

భయపడి ఒక గుడ్డతో ద్వారమును పూర్తిగా మూసివేసితిమి. ఆ సమయమున మా సంఘములోని ఒక పెద్దాయన వచ్చెను. ఆయన చిన్ననాటినుండి తేనెపెట్టెలు చూచుకొనువాడు. "ఏమయ్యగారూ, తలుపంతా మూస్తే లోపలున్నవి ఉడికిపోవా?" అని ఆ గుడ్డ లాగివేసెను. ద్వారమునకు ఒక కఱ్ఱముక్క అడ్డుపెట్టి, ఒకటి రెండు ఈగలు మాత్రమే పట్టునంత సందు విడిచెను. మూత సందులకు తడిమట్టి మెత్తించెను. గోనెసంచి తడిపి పెట్టెమీద వదులుగా కప్పించెను. ద్వారము ముందు పచ్చగడ్డి వదులుగా పరచి, దానిమీద నీళ్లు చిలకరించెను. లోపలి ఈగకు దారి తెలియును గనుక గడ్డిలోనుండి వెదకుకొని పోవును. దొంగ ఈగ అక్కడ తికమకపడును. ద్వారము ఇరుకైనప్పుడు కొద్దిమంది కావలివారైనను ఇంటిని కాపాడుకొనగలరు. ఇక గోడమీది పట్టుముక్క తీయించి, పాకము ఒలికిన చోట నీళ్లు పోసి కడిగించెను. "ఇవాళ ఇంకేమీ తెరవొద్దు. రెండో పెట్టె కూడా తెరవొద్దు" అని ఖండితముగా చెప్పెను.

"ఈ దొంగలు ఎక్కడనుండి వచ్చినవి?" అని మేమడిగితిమి. అడవినుండి వచ్చియుండునని మా ఊహ. ఆయన నవ్వి, "కొంచెం పిండి తెప్పించండి" అనెను. బలహీనపు పెట్టెనుండి పొట్ట నింపుకొని బయటికి వచ్చుచున్న ఈగలమీద ఆ పిండి పలుచగా చల్లి, అవి ఎటు పోవునో చూడుమనెను. ప్రియులారా, ఆ తెల్లని ఈగలు అడవికి పోలేదు. ఇరువది అడుగుల దూరములోనున్న మా బలమైన పెట్టెలోనికే పోయెను.

ఏ పెట్టెను చూచి మేము గర్వపడుచుంటిమో, ఏ పెట్టె తేనెను ఇంటికి వచ్చిన అతిథులకు రుచి చూపించుచుంటిమో, ఆ పెట్టె నిండుటకు కారణము కొంత ఇదియే.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. దొంగ ఈగ సోమరి కాదు. తన పొట్టకొరకు దొంగిలునది కూడ కాదు. తెచ్చిన ప్రతి చుక్కను తన ఇంటివారికే యిచ్చును. దానికి ద్వేషమను మాటయే తెలియదు. బయట పూవులు లేనప్పుడు, పక్క ఇంటిలో తేనె వాసన వచ్చినప్పుడు, ఆ ఇంటిలో కావలి తక్కువైనప్పుడు, పూవు పూవు తిరుగుటకంటె నిండిన పట్టును ఖాళీచేయుట సులభము గనుక అటు పోవును. ఒక్కటి రుచి చూచినచో తిరిగి వెళ్లి మిగిలినవాటిని పిలుచుకొని వచ్చును. ఇంకొక విచారకరమైన సంగతి పెద్దాయన చెప్పెను. కొన్నిసార్లు దోపిడి ముదిరినప్పుడు, దోచబడుచున్న ఇంటి ఈగలే పోరాటము మాని, తమ తేనెను తామే మోసుకొని దొంగలతో కలిసి వారి ఇంటికి పోవునట. పుట్ట తేనెటీగలైతే మిగిలినవన్నియు పెట్టె విడిచి లేచిపోవుట కూడ కద్దు.

దోచినవానికి లాభమా? అదియు లేదు. 1991, 1992 సంవత్సరములలో థాయి శాక్‌బ్రూడ్ అను పురుగుపిల్లల రోగము కేరళ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములలో పుట్ట తేనెటీగల పెట్టెలను అధిక భాగము ఖాళీచేసినది. తేనెమీద బ్రతికిన కుటుంబములు ఎన్నో ఆ పని విడిచిపెట్టెను. ఆ రోగము వ్యాపించు మార్గములలో దోపిడి ఒకటి. రోగముతో బలహీనమైన ఇంటిని బలమైన ఇల్లు దోచును. తేనెతోపాటు రోగమును కూడ తన పిల్లలకు తెచ్చుకొనును. ఆ తరువాతి కాలములో మన ప్రాంతములలో ఐరోపా జాతి ఈగలు ఎక్కువైనవి. అవి పెద్దవి, బలమైనవి. వాటి పెట్టెలను పుట్ట తేనెటీగల పెట్టెల ప్రక్కనే పెట్టినయెడల చిన్నవాటిని దోచివేయును. గనుక తెలిసినవారు ఆ రెండు జాతులను దూరదూరముగా ఉంచుదురు.

ఈ పెట్టెలను గూర్చి కూడ ఒక మాట. పట్లను పాడుచేయకుండ ఒక్కొక్క చట్రమును పైకి తీయగల పెట్టెకు 1852లో అమెరికా దేశములో పేటెంటు పొందినవాడు లాంగ్‌స్ట్రాత్ అను ఒక సంఘ కాపరి. మన దక్షిణ దేశములో 1911 మొదలు 1917 వరకు పల్లె ప్రజలకు ఈ పని నేర్పి, పుట్ట తేనెటీగలకు తగిన చిన్న పెట్టెను తయారుచేసినవాడు న్యూటన్ అను పాదిరి. నేటికిని దానిని న్యూటన్ పెట్టె అనియే పిలుచుచున్నారు. లాంగ్‌స్ట్రాత్ గారి పేటెంటును ఇతరులు ఇష్టమువచ్చినట్లు వాడుకొనిరి. వ్యాజ్యములే గాని దానివలన ఆయనకు పెద్దగా సొమ్ము రాలేదు. తేనె దోపిడి ఆగునట్లు జాగ్రత్తలు నేర్పిన మనిషి తానే దోచబడెను! ఆయన 1895లో ప్రసంగము చేయుటకు నిలువబడి, ప్రసంగవేదికయొద్దనే ప్రభువునందు నిద్రించెను.

ఇక మా సంగతికి వచ్చెదము. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ తెల్లని ఈగలే కన్నులయెదుట కనబడెను. నాతాను ప్రవక్త దావీదునొద్దకు వచ్చి చెప్పిన ఐశ్వర్యవంతుని కథ కూడ జ్ఞాపకమునకు వచ్చెను. అతనికి మందలు కొదువలేదు. అయినను అతిథి వచ్చినప్పుడు బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లమీదనే చేయివేసెను.

సొంత ఊరు విడిచి తరతరములుగా ఇతర భాషలవారి మధ్య నివసించుచున్న మనకు తెలుగు ఆరాధన ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. పట్టణమునకు ఒక మూల పెద్ద సంఘముండును. మరియొక మూల పది పన్నెండు కుటుంబములు అద్దె గదిలో కూడుకొనుచుండును. మా సంఘము పెద్దది. అంతకు ముందు సంవత్సరమున అటువంటి చిన్న సంఘమొకదానిలో లెక్కల విషయమై మనస్పర్థ వచ్చెను. ఆ మాటలు నాలుగు గోడల మధ్య ఉండలేదు. ఒలికిన పాకమువలె అందరికి వాసన వచ్చెను. మూడు కుటుంబములు మా యొద్దకు వచ్చెను. వారిలో ఒకరు పాటలకు హార్మోనియము వాయించువారు. మేము ఎంతో సంతోషించి, బదిలీ ఉత్తరము అడుగకనే పేర్లు వ్రాసికొంటిమి. ఆ ఏటి నివేదికలో "ప్రభువు మన సంఘమును వృద్ధిచేసెను" అని చదివితిమి. అందరు ఆమేన్ అనిరి. అటువైపు ఆ అద్దె గదిలో ఆ ఆదివారమున ఎంతమంది కూర్చుండిరో మేమడుగలేదు. వేరొకడు వేసిన పునాదిమీద కట్టకుండునట్లు అపొస్తలుడైన పౌలు ఎంత జాగ్రత్తపడెనో రోమా పత్రికలో చదువుచునే యుంటిమి.

ఎవరును ఏ సంఘమునకును పోగూడదని మా భావము కాదు. పిల్లల చదువుకొరకు, ఉద్యోగము కొరకు ఇల్లు మారినవారు దగ్గరి సంఘమునకు పోవుట న్యాయమే. బాధపెట్టబడినవారిని బలవంతముగా నిలుపుటయు తగదు. సాయంత్రపు ఎండలో పిల్ల ఈగలు తమ ఇంటి గుర్తు పట్టుటకై ద్వారము ముందు ఎగురుచుండును. దానిని చూచి దోపిడి అని కంగారుపడువారు కూడ కలరు. అది కొద్దిసేపటికే శాంతించును. దోపిడియైతే చీకటి పడువరకు ఆగదు. ఈ రెంటిని వేరుచేసి చూచుట సంఘ పెద్దలు నేర్చుకొనవలెను.

బలహీన సంఘములవారికి కూడ ప్రేమతో ఒక మాట. మీ మేత లోపలనే పెట్టుడి, అదియు ప్రొద్దుగూకిన తరువాత. అనగా సంఘపు కలహమును పెండ్లి పందిటిలోను, రైల్వే క్వార్టర్ల అరుగులమీదను విప్పకుడి. ద్వారము మూసివేయకుడి, ఊపిరి ఆడదు. ఇరుకు చేసికొని, కావలి నిలుపుకొనుడి.

పెద్దాయన వారము దినములు ఆగుమనెను. దోపిడి అణగిన తరువాత ఒక సాయంకాలము మా బలమైన పెట్టెనుండి, మూతలు పడిన పిల్లలతో నిండిన ఒక పట్టును తీసి, దానిమీది ఈగలను దులిపి, బలహీనపు పెట్టెలో పెట్టించెను. "తేనె ఎంత పోసినా కాపలాకు మనుషులు కావాలి కదయ్యగారూ. ఈ పిల్లలు లేస్తే ఆ ఇంటివే అవుతాయి" అనెను. రెండు వారములలో ఆ పిల్లలు లేచినవి. క్రొత్త రాణియు గ్రుడ్లు పెట్టసాగెను.

మేము డీకన్లతో మాటలాడి, ఆ చిన్న సంఘపు కాపరి గారి ఇంటికి వెళ్లితిమి. ముందుగా క్షమాపణ చెప్పుకొంటిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత వారి సతీమణి టీ తెచ్చిరి. వెళ్లి వచ్చిన మూడు కుటుంబములతో ఇరువైపుల పెద్దలు కూర్చుండి ఆ లెక్కల సంగతి విప్పి చూచితిమి. రెండు కుటుంబములు తిరిగి వెళ్లెను. మూడవవారు మా యొద్దనే ఉందుమనగా, కాపరి గారు తమ చేతితో బదిలీ ఉత్తరము వ్రాసియిచ్చిరి. హార్మోనియము వాయించు సహోదరుడు తిరిగి వెళ్లినవారిలో ఉన్నాడు గనుక, మా ఆరాధనలో ఇప్పుడు ఒక కాలేజీ విద్యార్థి నేర్చుకొనుచు వాయించుచున్నాడు. కొన్ని స్వరములు తప్పుచున్నవి. నెలకొక ఆదివారము మా యౌవనస్థులు నలుగురు ఆ అద్దె గదికి వెళ్లి సండేస్కూలు నడుపుచున్నారు.

ఆ కఱ్ఱముక్కను పెద్దాయన ఇంకను తీయనీయలేదు. వానలు వెలిసి, పూత వచ్చినప్పుడు తానే వచ్చి తీసెదనని చెప్పియున్నాడు.