నేర్పరి నోట ‘సులభము’ అను మాట

ఒక పని బాగుగా నేర్చినవాడు, ఇంకను నేర్వనివానిని చూచి “రా, ఇది సులభమే” అని పిలిచినప్పుడు ఆ మాట సత్యమా, అసత్యమా? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను కొండదారులలో సైకిలు తొక్కువారిని బట్టి ఆలోచింపగోరుచున్నాము. ఈ సంగతి మన పొలములకును చెరువుగట్లకును దూరమైనదే. అయినను మన యౌవనస్థులు ఫోనులలో ఆ చిత్రములను చూచి ఆశ్చర్యపడుచున్నారు. సైకిలు ఎరుగనివారు మనలో లేరు గదా!

ఆ క్రీడ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, టమాల్పాయిస్ అను కొండ ప్రాంతములో పెరిగినది. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ అను ఊరి దగ్గర కొందరు లావు టైర్ల పాత సైకిళ్లతో కొండ దిగు పందెము పెట్టుకొనిరి. దారి పొడవు సుమారు రెండు మైళ్లు. దిగుడు మాత్రము దాదాపు 1,300 అడుగులు. ఆ సైకిళ్లకు బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే యుండెను. పెడలును వెనుకకు త్రొక్కినప్పుడు పట్టును. క్రిందికి చేరుసరికి హబ్బులోని గ్రీజు కాగి పొగయై పోవుచుండెను. దానిని విప్పి మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచేతనే ఆ పందెమునకు ‘రీప్యాక్’ అను పేరు కలిగినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందెమును చేర్చిరి.

ఇప్పుడు ఆ దేశములోను కెనడాలోను అనేక కొండదారుల మొదట గుర్తులుంచుదురు. ఆకుపచ్చ వృత్తము సులభమైన దారికి, నీలి చతురస్రము మధ్యరకమునకు, నల్లని వజ్రపు గుర్తు కఠినమైనదానికి, రెండు నల్ల వజ్రములు మిక్కిలి కఠినమైనదానికి. దారి వెడల్పు, నేల గట్టిదనము, వాలు, అడ్డువచ్చు రాళ్లు, వేళ్లు, వీటిని బట్టి ఆ గుర్తు వేయుదురు. చూడుడి, కొలువబడినది దారియే గాని మనిషి కాడు. ఎవని చేయి ఎంత నేర్చినదో ఏ పలకయు చెప్పజాలదు.

దిగుడులో నేర్పరి ఏమి చేయును? సీటును దించి, పెడళ్లను సమముగా నుంచి, వాటిమీద లేచి నిలుచును. మోకాళ్లును మోచేతులును వంచి వదులుగా నుంచును. చూపు ముందుచక్రము నొద్ద గాక దూరముగా నిలుపును. ఏ రాతిని కన్నార్పక చూచునో ఆ రాతికే పోయి తగులునని వారికి అనుభవము. ముందు బ్రేకులోనే బలమెక్కువ; అయితే నిట్టవాలులో దానిని ఒక్కసారిగా బిగించినవాడు హ్యాండిలు మీదుగా ఎగిరిపడును. గనుక ఒక వ్రేలితో కొద్ది కొద్దిగా పట్టుచు, మలుపు రాకమునుపే వేగము తగ్గించుకొనును. విచిత్రమేమనగా, మరీ నెమ్మదిగా పోవుటయు ప్రమాదమే. చక్రము గుంటలో దిగబడి ఆగిపోవును. ఇదంతయు మేము కొన్ని వరుసలలో వ్రాసితిమి, మీరు చదివితిరి. అంతమాత్రమున మీకు గాని మాకు గాని ఆ దారి దిగుట వచ్చెనా? గట్టున కూర్చుండి ఈత గూర్చి వినినట్లే. ఆ తెలివి చేతులలోను మోకాళ్లలోను ఉండును; పలుమారు దిగి, పలుమారు పడినమీదట వచ్చును.

అపాయము ఇక్కడనే యున్నది. నేర్పు దేహములో ఇంకిపోయిన తరువాత, నేర్చుకొన్న కష్టము మనస్సులోనుండి చెరిగిపోవును. అతడు ‘సులభమే’ అనునప్పుడు అబద్ధమాడుట లేదు. తన్నుగూర్చి నిజమే చెప్పుచున్నాడు. వినువాడు మాత్రము దానిని తన్నుగూర్చిన మాటగా పట్టుకొని దిగి, మెడ విరుగగొట్టుకొనును. మనస్సులో ఏ దుర్బుద్ధియు లేకయే ఒకడు పొరుగువానికి కీడు చేయగలడు. కొరింథు సంఘములో మాంసము విషయమై అపొస్తలుడు జ్ఞానముగలవారిని హెచ్చరించినది ఇటువంటిదే గదా. వారి జ్ఞానము తప్పని ఆయన అనలేదు. అది బలహీనుని ఏమి చేయుచున్నదో చూడుమనెను.

అట్లని “నీకు రాదు, పోవద్దు” అని అందరిని ఆపువాని పక్షమున మేము లేము. కఠినమైన దారిలోనికి పోకుండ అది ఎవనికిని పట్టుబడదు. పడినయెడల మోకాలు చెక్కుకొనుచోట పడనియ్యవలెను. ప్రాణము పోవుచోట పడనియ్యరాదు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడనో ఆ కొండ నెరిగినవానికే తెలియును గనుక చెప్పు భారము అతనిదే. సులభమనియు కష్టమనియు చెప్పుటకంటె, రెండవ మలుపు దాటగానే మోకాలెత్తు రాయి యున్నది, ఎడమప్రక్క లోయ యున్నది, నిన్నటి వానకు వేళ్లు జారుచున్నవి అని చెప్పుట మేలు. అప్పుడు వినువాడు తన్ను తానే పరీక్షించుకొనగలడు.

మరియొక సంగతి. సైకిలు దిగి నడచుట ఆ క్రీడలో తప్పు కాదు. ఏండ్ల తరబడి తొక్కినవారు సహితము కఠినమైన చోటును మొదట నడచి చూతురు. అయితే క్రొత్తవానికి సిగ్గు. క్రింద స్నేహితులు ఫోనులెత్తి పట్టుకొని నిలిచియుండగా, దిగి నడచుటకు కావలసినంత ధైర్యము తొక్కుటకు అక్కరలేదని మాకు తోచుచున్నది. గనుక వెంటబెట్టుకొనిపోవు నేర్పరి క్రింద నిలిచి కేకలు వేయక, నిట్టవాలు పైననే ఆగి, తానే ముందుగా దిగి, సైకిలును చెట్టుకు ఆనించి, వానితోకూడ ఆ రాళ్లవరకు నడచిపోయి చూపవలెను. పిమ్మట “తొక్కుదువా, నడతువా?” అని అడిగి, వాడు జవాబిచ్చువరకు ఊరకుండవలెను.