పెట్టెలోని శాలువా

మూలవాక్యము: అపొస్తలుల కార్యములు 9:36-42



యొప్పే పట్టణములో తబిత చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుగారికి ఏమి చూపించిరి? ఆమె ఇంటిని చూపలేదు, ఆమె పొందిన బహుమానములను చూపలేదు. ఆమె తమ కొరకు కుట్టిన బట్టలను చూపి ఏడ్చిరి. ఈ వాక్యభాగముపై మేము అనేకసార్లు బోధించితిమి. అయితే దాని భావమును మాకు నేర్పినవి వేలూరు, గుడియాత్తములలో గడిపిన మూడు దినములు.

కొన్ని సంవత్సరముల క్రిందట జనవరి మాసములో మా బావమరిదిని వైద్యమునకై వేలూరు తీసికొని వెళ్లితిమి. 1900వ సంవత్సరములో ఐడా స్కడర్ అమ్మగారు ఒకే పడకతో ఆరంభించిన ఆ వైద్యసేవ నేడు మన తెలుగువారెందరికో ఆశ్రయముగా ఉన్నది. ఆ వీధులలో ఎటు తిరిగినను మన మాట వినిపించును. మేము దిగిన లాడ్జి వరండాలో నెల్లూరు జిల్లా పెద్దాయన ఒకరు పడుకొనియుండిరి. భార్యకు ఆపరేషను జరిగినది. గది అద్దె భరించలేక రాత్రులు అక్కడే గడుపుచుండిరి. ఒంటిపై పలుచని తుండుగుడ్డ ఒకటే.

"చలిగా లేదా పెద్దాయనా?" అని అడిగితిమి.

"అలవాటే అయ్యగారూ" అనిరి.

మా సంచిలో ఒక జరీ శాలువా ఉన్నది. మేము ఉపాధ్యాయ వృత్తి విరమించిన దినమున సంఘము కప్పినది. ఇయ్యవలెనని చేయి సంచి వరకు వెళ్లెను. "ఇది సన్మానపు శాలువా గదా" అని మనస్సు వెనుకకు లాగెను. ఆయన కొరకు ప్రార్థన చేసి, గదిలోనికి పోయి, దుప్పటి కప్పుకొని నిద్రించితిమి. యాకోబు పత్రిక 2:15-16 మాకు కంఠతా వచ్చును. అయినను నిద్రించితిమి.

పరీక్షల ఫలితములకు ఆగవలసి వచ్చినందున, మరునాడు గుడియాత్తములోని పరిచయస్థుల ఇంటికి వెళ్లితిమి. కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఆ ఊరు చేనేత లుంగీలకు పేరుపొందినది. ఇంట తెలుగే మాట్లాడు ఆ ఇంటి పెద్ద, గుంటమగ్గముపై నూలు దుప్పటి నేయుచుండెను. పడుగుకు గంజి పట్టించుట, కండెలు చుట్టుట ఇంటిల్లిపాది పని. నాడె ఒకసారి అటు పోయిన ఒక్క పేక పోగే చేరును. అరుగుపై ఆయన కోడలు ఉన్ని మఫ్లరు అల్లుచుండెను. ఒక్క ముడి జారినను వెనుకకు విప్పి మరల అల్లుచుండెను.

"ఇంత కష్టపడి నేసినది ఎవరు కప్పుకొందురో మీకు తెలియదు గదా" అంటిమి.

ఆయన నవ్వి, "ఎవరైతేనేం సార్? కప్పుకుంటే బట్ట, పెట్టెలో పెడితే పురుగుకు మేత" అనెను.

ఆ మాట మమ్మును గుచ్చెను. బేరమాడక ఒక దుప్పటి కొని, మరునాటి సాయంకాలము వేలూరు చేరితిమి. వరండా ఖాళీగా ఉన్నది. భార్యను తీసికొని ఆ ఉదయమే ఊరికి వెళ్లిపోయిరట. ఆయన పేరైనను మేము అడిగియుండలేదు.

ప్రియులారా, బీదవాని వస్త్రమును తాకట్టు పట్టినయెడల ప్రొద్దు క్రుంకక మునుపే తిరిగి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము బోధించుచున్నది (నిర్గమకాండము 22:26-27). రాత్రి కప్పుకొనుటకు అతనికి వేరొకటి లేదు. దయ చూపుటకును ప్రొద్దు క్రుంకు వేళ ఒకటున్నది. అది దాటిన తరువాత కొన్న దుప్పటి ఎంత మంచిదైనను ఆ చలిని ఆపలేదు.

మన సంఘములలో సన్మానములు పెరిగినవి, పెట్టెలలో శాలువాలు పెరిగినవి. గౌరవించుట తప్పు కాదు. కొన్ని రకముల లుంగీలను, శాలువాలను చేమగ్గములకే ప్రత్యేకించి 1985లో చట్టము చేసిరి. అయినను మనము కొనునప్పుడు చౌకయైన మెరుపునే చూచుచున్నాము. ఇకమీదట కప్పదలచినచో నేతగాని చేతిపనిని కొనుడి. కప్పించుకొన్నవారు ఆ చలికాలమునకే దానిని లేనివారికి ఇయ్యుడి. అల్లిక తెలిసిన తల్లులారా, ఆదివారపు బడి పిల్లలకు నేర్పుడి. మీ సంఘమునుండి వైద్యమునకు వెళ్లు రోగితోబాటు, తోడు వెళ్లువారికిని ఒక దుప్పటి పంపుడి.

మా జరీ శాలువా ఇప్పుడు మా పెట్టెలో లేదు. అయినను అది చేరవలసిన భుజమునకు చేరలేదు. మనము పోయిన దినమున మనవారు మన పెట్టె తెరచి చూపుదురా? లేక ఎవరైనను వచ్చి తమ ఒంటిమీది బట్టను చూపుదురా?

తబితకిచ్చిన చేతులను ప్రభువు మనకును దయచేయును గాక. ఆమేన్.